ముప్పై ఏడో నంబరుకు చవితి కబురు

జూన్ నెల రెండో మంగళవారం, మధ్యాహ్నం రెండు ఇరవైకి స్టేషన్ గేటు ముందు దిగాను. ట్రక్కు నన్నూ, నా నల్ల ట్రంకుపెట్టెనూ, కిట్ బ్యాగునూ దించి వెళ్ళిపోయింది. ఎండ నలభై ఒక్క డిగ్రీలు. ఎర్రమట్టి, తుమ్మకంప, దూరంగా కొన్ని తాటిచెట్లు. నీళ్ళు ఎక్కడా లేవు. తాడేపల్లిగూడెంలో పుట్టినదాన్ని, కాలువ కనపడని నేల నాకు కొత్త. నౌకాదళంలో చేరితే సముద్రం పక్కన వేస్తారనుకున్నాను. సముద్రం అక్కడికి చాలా దూరం.

కంచె లోపల ఇనుప స్తంభాలు ఉన్నాయి. మెడ పూర్తిగా వెనక్కి వంచితే తప్ప కొసలు కనపడలేదు. వాటి మధ్య తీగలు. గాలికి తీగలు మోగుతున్నాయి. ఆ మోత నేను అక్కడ ఉన్నన్నాళ్ళూ ఆగలేదు.

స్టేషన్ పేరు రాయను. మేం కబుర్లు పంపిన సబ్‌మెరైన్ పేరూ రాయను. అది ఎక్కడ తిరిగిందో రాయమన్నా రాయలేను. నాకు తెలియదు. ఎవరికీ తెలియకూడదనే దాన్ని కట్టారు.

గూడెంలో ఇప్పటికీ అడుగుతారు, సబ్‌మెరైన్ లోపల ఎలా ఉంటుందమ్మా అని. నేను దాని లోపల అడుగు పెట్టలేదు. ఒక్కసారి కూడా. నాలుగేళ్ళ సర్వీసులో నేను చేసింది, నేలమీద ఒక ఏసీ గదిలో కూర్చుని దానికి మాటలు పంపడం. ఈ జ్ఞాపకం అందులో ఒక కబురు గురించి.

మాది కిరాణా, పూజసామాను కొట్టు. చిన్నప్పట్నుంచీ పంచదార బస్తాల వెనక కూర్చుని చదువుకునేదాన్ని. బేరానికి వచ్చినవాళ్ళతో మాట్లాడేది అమ్మే. పండగ ముందు ఎవరొచ్చినా సామాను చూపించే ముందు "మీకుందాండీ?" అని అడిగేది. వరలక్ష్మీ వ్రతమైనా, అట్లతద్దైనా, వినాయక చవితైనా. కొన్ని ఇళ్ళల్లో కొన్ని పండగలు ఉండవు. ఆ రోజున ఇంట్లో ఎవరో పోయి ఉంటారు, అక్కడితో ఆ పండగ ఆగిపోతుంది. లేనివాళ్ళ ముందు సామాను పరిస్తే మనసు నొచ్చుకుంటుందని అమ్మ అనేది. నేను బస్తాల వెనకనుంచి ఆ ప్రశ్న కొన్ని వందలసార్లు విన్నాను.

చేరతానన్నప్పుడు అమ్మ ఒకటే మాట అంది. "నలుగురిలో నోరు విప్పవు. అక్కడేం చేస్తావే?"

అక్కడ నోరు విప్పాల్సిన పని లేదు.

నాకు పని నేర్పింది చీఫ్, మా గదిలో అందరికన్నా పాత నావికుడు. మలయాళీ. రిటైర్మెంటుకు రెండేళ్ళు ఉంది. అంతకుముందు చాలా ఏళ్ళు పాత డీజిల్ సబ్‌మెరైన్లలో పనిచేశాడు. ఎడమ చెవి సరిగా వినపడదు. మేం మాట్లాడుకున్నది హిందీ, ఇంగ్లీషు కలిపి. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

మొదటి రోజు ఉదయం ఏడున్నరకు ఒక తెల్లకాగితం తీసి పొడుగాటి దోసకాయ లాంటి బొమ్మ గీశాడు. సబ్‌మెరైన్‌ను వాళ్ళు బోటు అంటారు.

"ముందు భాగంలో చెవులు. సముద్రాన్ని వినే యంత్రాలు. వాటి వెనక మనుషులు. ఇదిగో ఈ మూపురం వెనక క్షిపణులు, గొట్టాల్లో నిలబెట్టి ఉంటాయి. ఆ వెనక రియాక్టరు. అది నీళ్ళను మరిగించి ఆవిరి చేస్తుంది. ఆవిరి చక్రాన్ని తిప్పుతుంది. చక్రం రెక్కను తిప్పుతుంది. టీ కెటిల్ అనుకో."

"గాలి ఎలా, చీఫ్?"

"సముద్రపు నీళ్ళలోంచి తీస్తారు. తాగే నీళ్ళూ అంతే. ఇంధనం ఏళ్ళ తరబడి వస్తుంది. అయిపోయేది తిండి ఒక్కటే. మొదట ఆకుకూర పోతుంది, తరవాత గుడ్లు, తరవాత ఉల్లిపాయ. ఉల్లిపాయ పోయిన రోజున అందరికీ కోపంగా ఉంటుంది."

"దాని పనేంటి?"

"దాక్కోవడం."

"తరవాత?"

"తరవాతా దాక్కోవడమే. ఎవడూ మన జోలికి రాకుండా ఉండాలంటే అది ఎక్కడుందో ఎవడికీ తెలియకూడదు. ఉన్నన్నాళ్ళూ దాక్కుని, ఒక్క క్షిపణి కూడా వేయకుండా ముసలిదై, ఆఖరికి ముక్కలు చేయించుకుంటే ఉద్యోగం సక్రమంగా చేసినట్టు."

ఉక్కు కూడా అలసిపోతుందని చెప్పాడు. లోతుకు దిగేకొద్దీ నీళ్ళు బోటును నలువైపులా నొక్కుతాయి. కుర్రతనంలో వాళ్ళు ఈ గోడనుంచి ఆ గోడకు ఒక దారం బిగించి కట్టేవాళ్ళట. దిగాక చూస్తే దారం వేలాడుతూ ఉండేదట. పైకి వస్తే మళ్ళీ బిగుసుకునేది. అలా ఎన్నిసార్లు నలిగిందో పుస్తకంలో రాసిపెడతారు. ఆ లెక్క నిండితే బోటు సర్వీసు అయిపోయినట్టు.

ఇక మా పని. రేడియో మామూలుగా నీళ్ళలోకి దిగదు. చాలా పొడుగైన అలలు మాత్రం కొంచెం లోపలికి వెళ్తాయి. వాటికోసమే ఆ స్తంభాలు. బోటు తన వెనక ఒక పొడుగాటి తీగను ఈడ్చుకుంటూ తిరుగుతుంది. ఆ తీగతో వింటుంది. జవాబు ఇవ్వదు. ఇస్తే ఎక్కడుందో బయటపడుతుంది. మాటలు అక్షరం అక్షరంగా నెమ్మదిగా వెళ్తాయి. ముందు ఆజ్ఞలు. ఖాళీ ఉంటే ఇంటి కబుర్లు.

ఇంటి కబురు వారానికి ఒకటి, మనిషికి నలభై మాటలు. సోమవారం పన్నెండు గంటల లోపు మా బల్ల మీదకు రావాలి. పేర్లు ఉండవు, నంబర్లే. తేదీలు, వారాలు, ఊళ్ళ పేర్లు, వానా ఎండా ఉండకూడదు. ఉంటే నేను కొట్టెయ్యాలి. చెడ్డ కబురు ఉండకూడదు. అన్నిటికన్నా ముఖ్యమైనది చీఫ్ నాచేత రెండుసార్లు చెప్పించాడు.

"కొట్టెయ్యొచ్చు. రాయకూడదు."

బోటు ఎక్కేముందు ప్రతి ఒక్కరూ ఒక కాగితం మీద సంతకం చేస్తారు. ఇంట్లో ఏదైనా జరిగితే వెంటనే చెప్పాలా, తిరిగి వచ్చాక చెప్పాలా అని అందులో అడుగుతారు. చాలామంది రెండోదాని దగ్గరే టిక్కు పెడతారు.

డైరీ రాసే అలవాటు నాకు తొమ్మిదో తరగతి నుంచి. స్టేషన్‌లో రాసిన డైరీలో పని గురించి ఒక్క మాట లేదు. రాయకూడదు. వాతావరణం, తిన్నది, చదివిన పేజీలు. "సోమ. 39. గాలి లేదు. సాంబారు. 62 పేజీలు." అలా ఉంటుంది. ఆ అంకెలు చూస్తే మిగతాది గుర్తొస్తుంది.

జూలై ఆఖర్లో బోటు వెళ్ళింది. మాకు ఎవరూ చెప్పలేదు. నంబర్ల జాబితా వచ్చింది, అంతే.

మొదటి సోమవారం వాచ్ ఆఫీసరు ఒక కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. వాచ్ ఆఫీసరంటే ఆ పూటకు గది మొత్తానికీ బాధ్యుడు. ఈయన సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి.

"ఇది ఏ భాష?"

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. ముప్పై ఏడో నంబరుకు భార్య పంపింది. కవరింగ్ కాగితం మీద మండవల్లి దగ్గర ఊరు. కొల్లేటి అంచు. స్కూల్లో ఉండగా పక్షుల్ని చూపించడానికి ఒకసారి అటు తీసుకెళ్ళారు.

"పాపకి రెండో పన్ను వచ్చింది. మామయ్యగారు చెరువు గట్టు మీదే పడుకుంటున్నారు, చెబితే వినరు. అత్తయ్యగారి మోకాలు పర్లేదు. ఆవు ఇంకా ఈనలేదు. మీరు వేళకి తినండి."

ఆఫీసరుకు ఇంగ్లీషులో చెప్పాను. కొట్టెయ్యడానికి ఏమీ లేదు. సంతకం పెట్టాడు. అప్పట్నుంచి ముప్పై ఏడు నా పని.

రెండో వారం: "ఆవు ఇంకా ఈనలేదు." మూడో వారం కూడా. నా పక్క బల్ల ఆపరేటరు హర్యానా అమ్మాయి, ఇంట్లో పదకొండు గేదెలు ఉన్న మనిషి. ఆ ఆవు ఆమెకు పట్టుకుంది.

"ఈనిందా మీ ఆవు?"

"నాది కాదు."

"మూడు వారాలా! వీళ్ళకి లెక్క తెలియదు. పొదుగు దిగిందో లేదో రాయమను."

"మనం అడగకూడదు."

"ఏం దేశరహస్యమా, పొదుగు?"

చీఫ్ కళ్ళద్దాలు తీసి ఇద్దరినీ చూశాడు. నేను తల దించుకున్నాను. ఆమె దించుకోలేదు.

ఐదో వారం శుక్రవారం పది గంటల పదినిమిషాలకు కుటుంబాల విభాగం నుంచి ఫోన్ వచ్చింది. ముప్పై ఏడు తండ్రి గురువారం పొద్దున చెరువు గట్టు మీద పడిపోయాడు. ఆస్పత్రికి చేరలేదు. గుండె.

ఆఫీసరు ఫైలు తెరిచాడు. టిక్కు రెండోదాని దగ్గర ఉంది. తిరిగి వచ్చాకే.

"అయితే మనకేం మారలేదు," అన్నాడు. తరవాత నా వైపు చూశాడు. "ఆ అమ్మాయికి ఇంగ్లీషు రాదట. నువ్వు మాట్లాడు. కబుర్లలో దీని గురించి ఏమీ ఉండకూడదని చెప్పు."

పది నలభైకి ఫోన్ చేశాను. ఒక పెద్దాయన ఎత్తి ఆమెకు ఇచ్చాడు. వెనక ఏడుపులు, ఇత్తడి బిందె కింద పెట్టిన చప్పుడు.

"ఏవండీ, నేను నేవీ నుంచి మాట్లాడుతున్నానండి."

"ఆయనకి చెప్పారా అండీ?"

"లేదండి. చెప్పకూడదండి."

"తలకొరివి పెట్టాలి కదండీ. ఒక్కడే కొడుకండి ఆయన."

"బోటు రాలేదండి."

"మా పెదమామయ్యగారి అబ్బాయి పెట్టాడు లెండి," అంది. అప్పటికే పెట్టేశారు. అయినా అడిగింది. తరవాత, "మీది ఏ ఊరండీ?" అంది.

"తాడేపల్లిగూడెమండి."

"అమ్మయ్య, మా వైపు వాళ్ళే," అంది. ఆ మాట ఎందుకంత ఊరటగా అందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఆ ఆదివారం వినాయక చవితి. మెస్‌లో ఉండ్రాళ్ళు లేవు, లడ్డు ఇచ్చారు. డైరీలో: "ఆది. 37. లడ్డు. చదవలేదు."

సోమవారం ఉదయం అన్ని నంబర్ల కబుర్లూ వచ్చాయి. మరాఠీ వాళ్ళు, తెలుగువాళ్ళు, తమిళులు, దాదాపు అందరి కబురులోనూ చవితి ఉంది. ముప్పై ఏడుకు ఏమీ రాలేదు. పదకొండు ఇరవై అయింది.

"అడిగి చూడు," అన్నాడు ఆఫీసరు.

పదకొండు ఇరవై ఐదుకు ఫోన్ చేశాను. ఆమే ఎత్తింది.

"ఏం రాయాలో తెలీట్లేదండి. ఇంటినిండా జనం. మామయ్యగారి గురించి రాయకుండా ఏం రాయనండి? ఏం రాసినా అబద్ధమే."

"పాప గురించి రాయండి."

"చెయ్యి ఆడట్లేదమ్మా. మీరే ఏదో ఒకటి రాసెయ్యండి. మీకు తెలుసు కదా మన ఇళ్ళల్లో ఎలా ఉంటుందో."

నేను ఒక ప్రశ్న అడగాలి. ఒక్క మాట ప్రశ్న. అడగలేదు. ఏడుస్తున్న మనిషితో ఫోన్లో ఎలా మాట్లాడాలో నాకు తెలియదు. "సరేనండి" అని పెట్టేశాను. ఫోన్ సాగింది నిమిషం యాభై సెకన్లు.

ఆలోచించే రాశాను, తొందరపడి కాదు. బోటులో తెలుగువాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళందరికీ ఇంటినుంచి పండగ కబురు వెళ్తుంది. ఇతనికి ఒక్కడికీ పండగ మాట లేకపోతే ఇంట్లో మైల అని పట్టేస్తాడు. మైల పడ్డ ఇంట్లో పండగ చేసుకోరు. అది మన వైపు ఎవరికైనా తెలుసు. అందుకని పండగ రాయాలి. తండ్రి బతికి ఉన్నట్టు తెలియాలి కాబట్టి పండగలో తండ్రి ఉండాలి. మా కొట్లో పాలవెల్లికి దారం కొనడానికి వచ్చే ముసలాయనల్ని గుర్తు చేసుకున్నాను.

"చవితి బాగా జరిగింది. మామయ్యగారు పత్రి తెచ్చి పాలవెల్లి కట్టారు. పాప ఉండ్రాళ్ళు తింది. అందరం కులాసా. మీరు వేళకి తినండి."

ఆఖరి వాక్యం ఆమెదే. ప్రతి వారం అదే రాసేది.

ఆఫీసరుకు ఇచ్చాను. పదకొండు యాభై రెండు.

"కుటుంబం పంపిందేనా?"

"అవును, సర్."

సంతకం పెట్టాడు. సాయంత్రం నాలుగు ముప్పై ఐదుకు కబురు వెళ్ళింది.

"ఆవు?" అంది హర్యానా అమ్మాయి.

"ఆవు గురించి లేదు."

ఆ తరవాతి వారం నుంచి ఆమె మళ్ళీ తనే రాసింది. పాప, అత్తయ్యగారి మోకాలు. మామయ్యగారి మాట లేదు. చవితి అయిన మూడో సోమవారం వచ్చిన కబురు ఇది: "పోయిన మంగళవారం ఆవు ఈనింది. పెయ్యదూడ. పాప దాన్ని చూసి భయపడటం లేదు. మీరు వేళకి తినండి."

హర్యానా అమ్మాయి కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టింది. మధ్యాహ్నం టీకి అందరికీ బిస్కెట్లు పంచింది. చీఫ్ రెండు తీసుకున్నాడు. ఆఫీసరు కూడా నవ్వాడు. ఆ గదిలో అందరూ ఒకేసారి నవ్విన రోజు నాకు అదొక్కటే గుర్తుంది.

టీకి ముందు నేను నా పని చేశాను. వారాలు ఉండకూడదు. స్కేలు పెట్టి, "పోయిన మంగళవారం" మీద గీత గీశాను. మిగతాది పంపాను.

చవితి కబురు వెళ్ళిన నలభై ఒక్క రోజులకు బోటు తిరిగొచ్చింది. మాకు వచ్చింది ఒక్క లైను: ఈ నంబర్లకు కబుర్లు ఆపండి. జాబితాలో ముప్పై ఏడు ఉంది. రేవుకు తాళ్ళు కట్టేముందే కెప్టెన్ అతన్ని తన గదిలోకి పిలిచి చెబుతాడని చీఫ్ అన్నాడు. అది పద్ధతి.

పదకొండు రోజుల తరవాత, గురువారం తొమ్మిది గంటలకు, ఆఫీసరు నన్ను గదిలోకి పిలిచాడు. చీఫ్ అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు. బల్ల మీద చవితి కబురు కాపీ.

"ఇది ఎవరు రాశారు?"

"నేనే, సర్."

"కుటుంబం పంపిందని చెప్పావు."

"అవును, సర్."

"అతని ఇంట్లో ఆ పండగ చేయరట," అన్నాడు. ఆయనకు ఆ మాట సరిగా అర్థం కాలేదు. ఎవరో చెప్పింది తిరిగి చెబుతున్నట్టు చెప్పాడు.

నాకు అర్థమైంది. ఏసీ చప్పుడు వినపడింది. గోడ గడియారం తొమ్మిది నాలుగు చూపిస్తోంది. అమ్మ గొంతు వినపడింది, బస్తాల అవతలనుంచి. మీకుందాండీ?

పద్నాలుగు రోజులు బయటికి వెళ్ళడానికి లేదు. సర్వీసు కాగితంలో ఒక లైను. ఇంటి కబుర్ల బల్ల నుంచి తీసేశారు. న్యాయమే.

బయటికొచ్చాక చీఫ్ వరండాలో ఆగాడు.

"ఖాళీగా వదిలేయాల్సింది. ఖాళీ వారాలు వస్తుంటాయి. భార్య మర్చిపోయిందనుకుంటాం. రెండు రోజులు తిట్టుకుంటాం. తిట్టుకుంటే పొద్దుపోతుంది." కాసేపు స్తంభాల వైపు చూశాడు. "ఇరవై ఏళ్ళ కింద నాకూ ఒక మంచి కబురు వచ్చింది. దాని గురించి నేను మాట్లాడను."

డైరీలో: "గురు. 33. చినుకులు. అన్నం, పెరుగు." అంతే ఉంది.

డిసెంబరులో ఇరవై రోజుల సెలవు దొరికింది. ఇంటికి వెళ్ళిన నాలుగో రోజు, అమ్మకు ఏలూరులో స్నేహితురాలిని చూసొస్తానని చెప్పి బయల్దేరాను. ఆ ఊరి పేరు గుర్తుంది. ఏలూరు వరకు రైలు, అక్కణ్ణుంచి కైకలూరు బస్సు, మండవల్లిలో దిగి ఆటో. పదకొండింటికి కూడా మంచు పూర్తిగా విడలేదు. రోడ్డుకు రెండువైపులా చేపల చెరువులు. గట్ల మీద మేత బస్తాలు. గూడబాతులు నీళ్ళమీద కదలకుండా ఉన్నాయి. "క్షమించండి" అన్న మాటతో మొదలయ్యే పేజీ ఒకటి డైరీలోంచి చింపి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. నోటితో చెప్పలేనని తెలుసు.

చంకలో పాపతో ఒకామె గుమ్మంలోకి వచ్చింది. నా వయసే ఉంటుంది.

"ఎవరండీ?"

"నేనండి... ఫోన్లో మాట్లాడాను."

నా గొంతు గుర్తుపట్టేసింది. "గూడెం అమ్మాయా! రండి, రండి, ఎండలో నిలబడ్డారేంటి," అంది. ఎండ లేదు. లోపల మంచం మీద ఒక పెద్దావిడ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. గోడకు ఫోటో, దానికి దండ. ముప్పై ఏడు మూడో మాసికానికి సెలవు మీద వచ్చి ఉన్నాడు. చెరువు దగ్గర్నుంచి పిలిపించింది.

వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద. నేను అనుకున్నదానికన్నా పొట్టి. గుమ్మం బయట కాళ్ళు కడుక్కున్నాడు. నేను లేచి నిలబడ్డాను.

"ఆ కబురు నేను రాశానండి."

"తెలుసండి. కూర్చోండి."

కూర్చోలేదు. అతనూ కూర్చోలేదు.

"మా అక్క ఒకామె చవితి నాడు చెరువులో పడి పోయిందండి. నేను పుట్టకముందు. అప్పట్నుంచి మాకు లేదు. ఆ రోజున ఇంట్లో పిల్లో దూడో పుడితేనే మళ్ళీ మొదలు." పాప అతని వైపు చేతులు చాచింది. తడి చేతులని తీసుకోలేదు. "చదవగానే ఇది మా ఇంటి మాట కాదని తెలిసిపోయింది. ఎవరో పోయారు. అందుకే ఇంకెవరో రాశారు. ఎవరు పోయారో తెలీదు. నాన్న పేరు రాసి ఉంది కాబట్టి నాన్న కాదేమో అనుకున్నానండి. ఒకరోజు అమ్మ అనుకునేవాణ్ణి. ఇంకోరోజు పాప. తరవాత కబుర్లు కూడా మీరే రాస్తున్నారేమో, మా ఆవిడే పోయిందేమో అనుకున్నాను. వాచ్‌కి వెళ్ళేవాణ్ణి, వచ్చి పడుకునేవాణ్ణి. రోజుకొకరు పోయారండి."

"అడగడానికి లేదు కదండీ," అన్నాను.

"లేదండి. వినడమే."

వంటింట్లో పాలు పొంగిన వాసన వచ్చింది. అతని భార్య కదలలేదు.

"కెప్టెన్ గారు నాన్న పోయారని చెప్పినప్పుడు, హమ్మయ్య అనుకున్నానండి. పాప కాదు కదా అని. ఆ మాట..." తలుపు మీద చెయ్యి పెట్టి తీశాడు. "టీ తాగి వెళ్ళండి. మేత వెయ్యాలి, మనుషులు చూస్తుంటారు."

వెళ్ళిపోయాడు. పేజీ హ్యాండ్‌బ్యాగులోనే ఉండిపోయింది.

ఆమె టీ తెచ్చింది. పక్కన పీట మీద కూర్చుని, పెద్దావిడ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"ఆయన మీతోనే ఎక్కువ మాట్లాడారండి. మాతో ఇన్ని మాటలు మాట్లాడలేదు. వచ్చిన రోజు ఏం చేశారో తెలుసాండీ? నేవీ తెల్లబట్టలతోనే వచ్చారు. అత్తయ్యగారు వాకిట్లో పడి ఏడుస్తున్నారు. ఆవిడ దగ్గరికి వెళ్ళలేదు. నా దగ్గరికీ రాలేదు. బూట్లతోనే పశువులపాకలోకి వెళ్ళిపోయారు. దూడ వీపు మీద చెయ్యి వేసి, ‘ఇది ఎప్పుడు పుట్టింది?’ అని అడిగారు. ‘చవితి వెళ్ళిన తొమ్మిదో నాడండి, మంగళవారం, రాశాను కదండీ’ అన్నాను. వేళ్ళమీద లెక్కపెట్టుకున్నారు. మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టుకున్నారు. అప్పుడు ఏడ్చారండి. అప్పటిదాకా ఏడవలేదు."

టీ వేడిగా ఉంది. తాగాను.

నలభై ఒక్క రోజుల్లో అతనికి ఆశ పెట్టుకోవడానికి ఉన్నది ఆ దూడ ఒక్కటే. అది చవితి నాడు పుట్టి ఉంటే పండగ నిజం, తండ్రి తెచ్చిన పత్రి నిజం. కెప్టెన్ చెప్పాక కూడా దాన్ని రేవు నుంచి ఇంటిదాకా మోసుకొచ్చాడు. ఆమె ఎప్పుడు పుట్టిందో రాసింది. స్కేలు పెట్టి కొట్టేసింది నేను. అది మాత్రం నియమం ప్రకారం చేశాను.

మిగతా సర్వీసు మామూలుగా గడిచింది. ఆజ్ఞలు పంపాను. చీఫ్ రిటైరయ్యాడు. హర్యానా అమ్మాయికి వేరేచోట పోస్టింగు వచ్చింది. నాలుగో ఏడు పూర్తయిన నెలలో, అదే నల్ల ట్రంకుపెట్టెతో, ఉదయం ఐదు నలభైకి తాడేపల్లిగూడెం స్టేషన్‌లో దిగాను. వాన పడి వెలిసింది. నాన్న గొడుగుతో వచ్చాడు. సన్నబడ్డావన్నాడు. ఇంటికి వెళ్ళి పడుకున్నాను. తీగల మోత లేకపోతే రెండు వారాలు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు పొద్దున్నపూట కొట్లో నేనే కూర్చుంటున్నాను. పండగ సామానుకు ఎవరొచ్చినా ముందు అడుగుతాను. మొదట్లో నా గొంతు వాళ్ళకు వినపడేది కాదు, రెండోసారి అడిగేదాన్ని. ఇప్పుడు వినపడుతోంది.

ఆ బోటును నేను చూడలేదు. చీఫ్ గీసిన దోసకాయ బొమ్మ ఒక్కటే తెలుసు. అదీ నెమ్మదిగా చెరిగిపోతోంది. చెరగనిది నేను కళ్ళతో చూడని ఇంకో చోటు. కొల్లేటి పక్కన ఒక పాక. కింద పేడ, తడి గడ్డి. తెల్లబట్టలు, నల్లబూట్లు వేసుకున్న మనిషి దూడ పక్కన వంగి నిలబడి ఉంటాడు. బొటనవేలు మిగతా వేళ్ళ కణుపుల మీద ఒక్కొక్కటిగా కదులుతూ ఉంటుంది. తొమ్మిది దగ్గర ఆగుతుంది. మళ్ళీ మొదటి వేలికి వస్తుంది.